తెల్లపొడిలో నల్లరేణువు

పంపకం అయిపోయి, ఎవరి పొట్లాలు వాళ్లు తీసుకుని ఇళ్లకు వెళ్లిపోయాక, మర్నాడు పొద్దున మేఘనాథ్ పొడి తోడిన స్కూపు కడగబోయాడు.

స్కూపు పిడి అతుకు దగ్గర తెల్లటి పాలిష్ పొడి పేరుకుని ఉంది. గోటితో గీకాడు. తెల్లపొడి రాలింది. దాని అడుగున నల్లగా, ఇసుకలా, నాలుగైదు రేణువులు వేలికి గుచ్చుకున్నాయి.

గరుకు పొడి.

రాళ్లు దొర్లించే వాళ్లకు ఇంతకంటే చెడ్డ వార్త ఉండదు. ఏటి రాయి అద్దంలా మెరవాలంటే దాన్ని డ్రమ్ములో వేసి, నీళ్లూ రాపిడి పొడీ పోసి, వారాల తరబడి తిప్పాలి. మొదట నల్లటి గరుకు పొడి. అది రాయి మూలలన్నీ అరగదీస్తుంది. తర్వాత నడిమి పొడి, ఆ తర్వాత సన్న పొడి, చివరికి గోధుమపిండిలా మెత్తగా ఉండే తెల్లటి పాలిష్ పొడి. ఆ చివరి మెట్టులో ఒక్క గరుకు రేణువు దూరిందంటే చాలు, డ్రమ్ములో ఉన్న ప్రతి రాయి మీదా గీతలు గీసి పెడుతుంది. అన్ని వారాల కష్టం గంగలో కలిసినట్టే.

ఆ పొడి తెప్పించింది మేఘనాథే. పంచిందీ మేఘనాథే.

అతనికి ఇరవై నాలుగేళ్లు. చదువైన వెంటనే ఎవరి కిందా చేరకుండా, పొలాలకు సోలార్ పంపులు పెట్టించే పని సొంతంగా మొదలుపెట్టాడు. ఎదుటివాడు క్యాలిక్యులేటర్ తీసేలోగా జవాబు చెప్పేస్తాడు. చిల్లరగా కొంటే రాపిడి పొడి బంగారం ధర పలుకుతుందనీ, బండల ఫ్యాక్టరీలకు సరఫరా చేసే డీలరు దగ్గర తొమ్మిది మందీ కలిసి బస్తాలుగా కొంటే ఖర్చు మూడో వంతుకు దిగుతుందనీ లెక్క తేల్చింది అతనే. డీలరుని ఒప్పించి, ఆటో మాట్లాడి, బస్తాలు దింపించి, కాటా కూడా అద్దెకు తెచ్చాడు.

ఆ తొమ్మిది మందినీ కలిపింది ఇనాయతుల్లా సాహెబ్. అందరూ బాబా అంటారు. కర్నూలు శివార్లలో, తుంగభద్ర ఒడ్డున ఉన్న చిన్న దర్గా పక్క గదిలో ఉంటారు. మనసు బాగాలేదని వచ్చినవాళ్లకు ఆయన తాయెత్తు కట్టరు. ఏట్లోకి పోయి నచ్చిన రాయి ఒకటి ఏరుకురమ్మంటారు. దాన్ని షెడ్డులో డ్రమ్ములో వేయిస్తారు. వారం వారం వచ్చి మీ రాయి మీరే కడుక్కోండి అంటారు. కొందరు రాయి మెరిసేలోగా బాధ మరిచిపోయి వెళ్లిపోతారు. కొందరు బాధ మరిచిపోతారు కానీ రాళ్లను మరవలేక ఉండిపోతారు. వాళ్లు ఇళ్లలో సొంతంగా డ్రమ్ములు పెట్టుకున్నారు. మేఘనాథ్ అలా ఉండిపోయినవాడే.

పొడి పంచేటప్పుడు బాబాకి ఒక పద్ధతి ఉంది. చేతులు కడుక్కుని, అన్నిటికంటే సన్నటి పాలిష్ పొడి ముందు పంచుతారు. గరుకు పొడి బస్తా చిట్టచివర విప్పుతారు, అదీ పెరటి అవతలి చివర. మేఘనాథ్ దాన్ని ఏదో మర్యాద అనుకున్నాడు, తెల్లది ముందు, నల్లది తర్వాత అన్నట్టు. ఈసారి తెచ్చింది గరుకు పొడి, పాలిష్ పొడి రెండే. పంపకం నాడు బాబా ఆదోనిలో ఉరుసుకు వెళ్లారు. బరువైన బస్తా ముందు ఖాళీ చేస్తే పని త్వరగా తెములుతుందని మేఘనాథ్ గరుకు పొడితో మొదలుపెట్టాడు. గంటలో అయిపోయింది. అందరూ భుజం తట్టి మెచ్చుకున్నారు.

స్కూపు మాత్రం ఒక్కటే.

అతను బండి తీసి నేరుగా షెడ్డుకి వెళ్లాడు. బాబా పీట మీద కూర్చుని ఆ వారం రాలేనివాళ్ల రాళ్లు కడుగుతున్నారు. ఆయన వెనక ఆరు డ్రమ్ములు గరగరమని తిరుగుతున్నాయి. ఆ షెడ్డులో డ్రమ్ములన్నీ ఒకేసారి ఆగడం ఎవరూ ఎరగరు. బాబా నమాజు కూడా ఆ చప్పుడులోనే.

"బాబా, ఒక పొరపాటు జరిగింది," అన్నాడు మేఘనాథ్.

"కూర్చో. ఇవి కొన్ని నువ్వు కడుగు," అని బాబా ఒక పాత టూత్‌బ్రష్ ఇచ్చారు.

ఒక మెట్టు దాటి ఇంకో మెట్టుకు వెళ్లే ముందు ప్రతి రాయినీ పగుళ్లలో, సొట్టల్లో బ్రష్ పెట్టి తోమాలి. మేఘనాథ్ తోముతూనే అంతా చెప్పాడు. చప్పుడులో వినపడాలని గొంతు పెంచి చెప్పాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"ముందు లెక్క కట్టాను బాబా." అతని గొంతులోకి కొంచెం ధైర్యం వచ్చింది. "స్కూపుకి అంటుకున్నదాంట్లో సగం మొదటి పొట్లంలో రాలిపోతుంది. మిగిలినదాంట్లో సగం రెండోదాంట్లో. అలా తగ్గుతూ పోతుంది. మూడు పొట్లాలు దాటాక పెద్దగా భయం లేదు. అంటే ప్రమాదం ముగ్గురికే. ఆ ముగ్గురికీ మెసేజ్ పెట్టేస్తాను, డీలరు సరుకులో ఏదో తేడా ఉందట, ఆ పాలిష్ వాడొద్దు అని. కొత్తది నేనే కొని ఇచ్చేస్తాను. ఎవరికీ నష్టం ఉండదు."

"డీలరుకి?"

"ఆయన ఎక్కడో ఉంటాడు బాబా. ఆయనకి తెలియను కూడా తెలియదు."

బాబా చేతిలో రాయిని వెలుతురుకు పట్టి చూశారు. మళ్లీ నీళ్లలో ముంచారు.

"పెట్టావా మెసేజ్?"

"రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. పొద్దుటి నుంచీ ఇదే పని."

"మొదటి పొట్లం ఎవరిది?"

"ఓబులేసు మామది. పెద్దాయన కదా అని ముందు ఆయనకే ఇచ్చాను."

ఓబులేసు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బండి ఏ ఊళ్లో ఆగితే ఆ ఊరి వాగులో ఒక రాయి ఏరి జేబులో వేసుకునేవాడు. ముప్పై ఏళ్ల రాళ్లు. వానాకాలానికి ముందు వాటిని డ్రమ్ములో వేశాడు. ఈ ఆదివారం చివరి మెట్టు అని అందరికీ చెప్పుకున్నాడు. ఈరోజే ఆదివారం.

"నీ పొట్లం ఎన్నోది?" అని అడిగారు బాబా.

"చివరిది బాబా. పంచేవాణ్ణి కదా, నాది చివర తీసుకున్నాను."

"అయితే నీది శుభ్రం."

"లెక్క ప్రకారం నూటికి నూరుపాళ్లు శుభ్రం."

"నీ చారల రాయికి ఇక పాలిష్ ఒక్కటే మిగిలిందిగా. తెచ్చావా?"

మేఘనాథ్ జేబులోంచి తీశాడు. తేనె రంగు మీద తెల్లటి చారలున్న రాయి. మొదటిసారి బాబా దగ్గరికి వచ్చిన రోజు ఏట్లో దొరికింది. బ్యాగులో అతని వాటా పొట్లం కూడా ఉంది.

బాబా ఒక ఖాళీ చిన్న డ్రమ్ము అతని ముందుకు జరిపారు. "వేసెయ్యి."

మేఘనాథ్ రాయిని డ్రమ్ములో పెట్టాడు. నీళ్లు పోశాడు. పొట్లం విప్పాడు. పొడి తెల్లగా, మెత్తగా, ఏ మచ్చా లేకుండా ఉంది. పొట్లం వంచబోయాడు.

చెయ్యి వంగలేదు.

పొట్లం మడిచి పక్కన పెట్టాడు. రాయిని నీళ్లలోంచి తీసి, చొక్కాకి తుడుచుకుని, జేబులో వేసుకున్నాడు.

బాబా మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచారు. గోడ దగ్గరకు నడిచి మెయిన్ స్విచ్ కిందికి దించారు.

ఆరు డ్రమ్ములూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. షెడ్డులో అంత నిశ్శబ్దం మేఘనాథ్ ఎప్పుడూ వినలేదు. ఏటి అవతల ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు దగ్గరగా వినిపించింది.

"ఎందుకు ఆపారు బాబా?"

"ఫోనులో నీ మాట వాళ్లకు వినపడొద్దూ," అన్నారు బాబా. మళ్లీ పీట మీద కూర్చుని రాయి అందుకున్నారు.

మేఘనాథ్ ఫోను తీశాడు. రెండు రింగులకే ఎత్తాడు ఓబులేసు.

"ఏమప్పా లెక్కల రాజా, ఇంత పొద్దున్నే? ఇంకో లారీ గాని దించినావా ఏంది?"

ఆయన గొంతు వెనక గరగర వినిపిస్తోంది.

"మామా, పాలిష్ వేసేశారా?"

"ఇప్పుడే వేసి, టీ తాగుతా ఉండా. ఏం?"

డీలరు అనే మాట మేఘనాథ్ నాలుక చివరి దాకా వచ్చింది. బాబా వైపు చూశాడు. ఆయన ఇటు చూడటం లేదు.

"ఆపేయండి మామా. గరుకు పొడి తోడిన స్కూపుతోనే పాలిష్ కూడా తోడాను. కడగలేదు. తప్పు నాది. అందులో మొదటి పొట్లం మీదే."

అవతల చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు. గరగర ఆగిపోయింది. ఇప్పుడు ఇక్కడా చప్పుడు లేదు, అక్కడా లేదు. మేఘనాథ్ ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"ఉండావా?" అన్నాడు ఓబులేసు చివరికి.

"ఉన్నాను మామా."

"ఆపినా. మీ అత్త వంటింట్లో నుంచి తొంగి చూస్తా ఉంది, మనిషికి ఏమన్నా అయిందా అని. నువ్వు పెట్టెయ్యి. మూత తీసి, కడిగి, చూస్తా."

ఫోను పెట్టేశాక మేఘనాథ్ ఊరుకోలేదు. ఊరుకుంటే ఇంకో ఫోను చెయ్యలేనని భయపడ్డాడు. రెండో పొట్లం డాక్టర్ సుకన్యది. ఆవిడ పళ్ల డాక్టరు.

"నేనింకా విప్పనేలేదు మేఘా," అందావిడ అంతా విని. "అయినా ఒకరి నోట్లో పెట్టిన పరికరం కడక్కుండా ఇంకొకరి నోట్లో పెట్టినట్టు చేశావేం నాయనా?"

"అవునక్కా. అలాగే చేశాను."

"సరే, సాయంత్రం తెచ్చి ఇచ్చేస్తాలే. టిఫిన్ తిన్నావా? గొంతేంటి అలా ఉంది?"

మూడోది చేశాడు. అతని లెక్క ప్రకారం అక్కడితో ఆగిపోవచ్చు. నాలుగోది చేశాడు. ఒకాయన విసుక్కున్నాడు. ఒకావిడ నవ్వింది. ఒకాయన ఏ స్కూపు, ఏ పొడి అని మొదటి నుంచీ చెప్పించుకున్నాడు. ప్రతిసారీ చెప్పేది అదే మాట అయినా, చెప్పే కొద్దీ చిన్నదవుతూ వచ్చింది. చివరి ఫోనుకి వచ్చేసరికి ఒక్క ఊపిరిలో అయిపోయింది.

ఓబులేసు మాత్రం ఫోను చెయ్యలేదు. స్కూటరు మీద తానే వచ్చాడు. స్టీలు పళ్లెంలో తడి గుడ్డ పరిచి, దాని మీద రాళ్లు పేర్చి తెచ్చాడు. మేఘనాథ్ లేచి నిలబడ్డాడు.

"కూచో, కూచో. నిలబడితే గీతలు పోతాయా?" అన్నాడు ఓబులేసు. రెండు రాళ్లు తీసి వెలుతురుకు తిప్పాడు. వెంట్రుకంత సన్నగా గీతలు కనిపించాయి. "ఈ రెండింటికే తగిలింది. గుంతకల్లుది ఒకటి, డోనుది ఒకటి. మళ్లీ సన్న పొడిలో తిప్పుతా, పోతాయి. యాడికి పోతాయిలే."

"మిగతావి?"

"నువ్వే చూడు."

మేఘనాథ్ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాడు. ఎర్రది, పచ్చది, పొగరంగుది. దేని మీదా గీత లేదు. చివరి రాయి పళ్లెంలో పెట్టాక అతని భుజాలు కిందికి దిగాయి. పొద్దుటి నుంచీ వాటిని పైకి బిగించి పట్టుకున్నానని అప్పుడు తెలిసింది. కడుపులో ఆకలి కూడా అప్పుడే తెలిసింది.

"ఇంకో పూట తిరిగుంటే మాత్రం," అన్నాడు ఓబులేసు, "వీటిని బయటికి తీసి నిన్ను డ్రమ్ములో వేసి తిప్పుతా ఉంటి."

మేఘనాథ్ నవ్వాడు. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఓబులేసు కూడా నవ్వాడు.

సాయంత్రానికి అందరూ పొట్లాలతో వచ్చారు. ఆఖరి పొట్లాలు బాగానే ఉండుంటాయి, వాటిని ఉంచుకోవచ్చని మేఘనాథ్ తన లెక్క చెప్పబోయాడు. సుకన్య చెయ్యెత్తి ఆపింది. "నీ లెక్క బాగానే ఉంటుంది నాయనా. నా రాయి మీద వద్దు."

"మరి పారబోయమంటారా?" అన్నాడతను బాబా వైపు తిరిగి.

"పారబోయడానికి అదేం పాపం చేసింది?" అన్నారు బాబా. కొత్తగా వచ్చినవాళ్ల రాళ్లు తిరిగే గరుకు డ్రమ్ము మూత తీశారు. అక్కడ ఒక నల్ల రేణువు ఎక్కువైనా, ఒక తెల్ల రేణువు ఎక్కువైనా అడిగేవాళ్లు లేరు. ఒక్కొక్కరే వచ్చి అందులో పోయాల్సినంత పోసి, మిగిలింది పక్క డబ్బాలో వేశారు. కొత్త పాలిష్ మొత్తం తానే కొంటానని మేఘనాథ్ అంటే, "నువ్వేమన్నా జమీందారువా?" అని ఓబులేసు కసిరాడు. మళ్లీ అందరూ తలా కొంచెం వేసుకోవాలని తేలింది.

"ఈసారి సరుకు తెచ్చి పంచేది ఎవరు?" అని ఎవరో అడిగారు.

"ఎవరేంది, వీడే," అన్నాడు ఓబులేసు. "ఇంకొకడైతే స్కూపు సంగతి మనకు తెలిసేదా?"

అందరూ వెళ్లాక మేఘనాథ్ ఉండిపోయాడు. బాబా షెడ్డు ఊడుస్తుంటే చీపురు తీసుకుని తాను ఊడ్చాడు.

"బాబా. పొద్దున నేను ఫోను చెయ్యకపోయి ఉంటే, ఓబులేసు మామకి మీరు చేసేవారా?"

"చేసేవాణ్ణి."

"అయితే నేను చేసినా, మీరు చేసినా ఒకటే కదా?"

బాబా దీపం వత్తి సరిచేస్తున్నారు.

"రాళ్లకి ఒకటే," అన్నారు.