కొట్టివేతలు లేని చిత్తు కాగితం

మజ్జి చిన్నంనాయుడు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. లెక్క తప్పు చేసినవాణ్ణి ఏమీ అనేవారు కాదు. ఒప్పు చేసినవాణ్ణి మాత్రం నిలబెట్టి, "ఎలాగొచ్చింది?" అని అడిగేవారు. ఆ అడగడంలో మెచ్చుకోలు వీసమెత్తు ఉండేది కాదు. దొరికిన సొత్తు ఎక్కడిదని పోలీసులు అడిగినట్టు అడిగేవారు. నేను పదో తరగతి దాకా ఆయన దగ్గరే లెక్కలు నేర్చుకున్నాను. నూటికి నూరు వచ్చిన రోజున నాకు వేసిన భయం ముప్పై వచ్చిన రోజున వెయ్యలేదు. ఊళ్లో అందరూ ఆయన్ని అనుమానపు మనిషి అనేవారు. నిజమే గాని, నలుగురి అనుమానం నడిచే దారిన ఆయన అనుమానం నడిచేది కాదు.

ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు చెప్పింది వనజాక్షి. నాతోపాటు ఆయన దగ్గర చదివి, తనూ లెక్కల టీచరై, లారీలకు బాడీలు కట్టే ఒక పట్నంలో ఉన్నత పాఠశాలలో పనిచేస్తోంది. ఆ బడిలో తొమ్మిదో తరగతికి 'ప్రతిభా తరగతి' అని కొత్తగా ఒకటి పెట్టారు. చుట్టుపక్కల బళ్లనుంచి మూడు వందలమంది పరీక్ష రాస్తే ముప్పైమందిని ఏరి, వేరే గదిలో కూర్చోబెట్టి, రెండేళ్ల తర్వాత చెప్పవలసిన పాఠాలు ఇప్పుడే చెప్తారు. ఆ గదికి కొత్త ఫ్యాన్లు, తెల్ల బోర్డు. పక్క తరగతుల పిల్లలు నీళ్లకు వెళ్తూ ఆ కిటికీ దగ్గర ఆగి చూసి పోతుంటారు. బియ్యంలో రాళ్లు ఏరడం నాకు తెలుసు. బియ్యంలో బియ్యం ఏరడం ఎలాగో నాకు ఇప్పటికీ అంతు పట్టదు. అయినా కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను.

మొదటి ఏడాది ఎంపిక పరీక్షలో ఒక చిక్కు వచ్చింది. ప్రశ్నలు నలభై. ఒక్కోదానికి నాలుగు జవాబులు ఇస్తారు, సరైనదాని పక్కనున్న సున్నాను నల్లగా దిద్దాలి. లెక్కలు వేసుకోవడానికి ఒక తెల్ల కాగితం ఇచ్చి, అది కూడా చివర్న తీసుకుంటారు. డాక్టరుగారి అబ్బాయి నిశ్చల్‌కు ముప్పై తొమ్మిది వచ్చి మొదటివాడయ్యాడు. ముప్పై ఎనిమిదితో రెండో స్థానంలో కోరాడ గౌరీశ్వరి అనే అమ్మాయి ఉంది. ఆ పిల్ల తండ్రి సింహాద్రి లారీ బాడీలు కట్టే వడ్రంగి. ఎనిమిదో తరగతిలో ఆమెకు లెక్కల్లో నూటికి యాభై రెండు. పరీక్ష హాలులో ఆమె సరిగ్గా నిశ్చల్ వెనక బల్ల మీద కూర్చుంది.

హెడ్మాస్టరు పట్నాయక్‌గారికి ఇంతకంటే ఏం కావాలి? "పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. ఈ పువ్వు ఎనిమిదో తరగతి దాకా ఎక్కడ పరిమళించింది మేడమ్?" అని వనజాక్షిని అడిగారు. ఇద్దరి చిత్తు కాగితాలూ తెప్పించి బల్ల మీద పరిచారు. నిశ్చల్ కాగితం మీద పైన హాల్ టికెట్ నంబరు, దాని కింద స్కేలుతో గీసిన గీత. మిగతాదంతా మల్లెపువ్వు. గౌరీశ్వరి కాగితం రెండు పక్కలా నిండిపోయింది. ఒక్కో లెక్క మూడు నాలుగు రకాలుగా మొదలుపెట్టడం, కొట్టెయ్యడం, పక్కన చెక్కపలకల్లాంటి బొమ్మలు, అడుగులు, అంగుళాలు, మళ్లీ కొట్టివేతలు. "అంతా తప్పులే. చివరికి దిద్దిన సున్నా మాత్రం ఒప్పు. మధ్యలో ఏం జరిగినట్టు?" అన్నారు హెడ్మాస్టరు. ఆయన బడిలో ప్రతి పరీక్షకూ శుభ్రతకు అయిదు మార్కులు. ఒక కొట్టివేతకు ఒక మార్కు పోతుంది. అందుచేత ఆయనకు తెల్ల కాగితంలో తెలివీ, నల్ల కాగితంలో దొంగతనమూ కనబడటంలో వింత లేదు.

పిల్లను పిలిచి అడిగారు. గౌరీశ్వరి తల వంచుకుని, "నాను చూసి రాయలేదండి. తప్పులు కూడా ఎవరివైనా చూసి రాస్తారేటండి?" అంది. ఆ మాటకు హెడ్మాస్టరుకు కోపం వచ్చింది. తరగతి టీచరు సంతకం ఉంటేనే సీటు ఖాయం. వనజాక్షి సోమవారం సాయంత్రంలోగా సంతకం పెట్టాలి, లేదా ఆ సీటు ముప్పై ఒకటో పిల్లకు పోతుంది. వనజాక్షికి పిల్ల మీద జాలి ఉంది గాని నమ్మకం లేదు. యాభై రెండు మార్కుల పిల్ల మీద నమ్మకం ఎక్కణ్ణించి వస్తుంది?

ఆదివారం పొద్దున్న ఆ రెండు కాగితాలూ పట్టుకుని మాస్టారింటికి వెళ్లింది. జరిగింది చెప్పి, "మాస్టారూ, ఈ పిల్లని నమ్మాలా, అనుమానించాలా?" అని అడిగింది. మాస్టారు నల్ల కాగితం ఒక్క క్షణం చూసి కింద పెట్టారు. తెల్ల కాగితాన్ని మాత్రం వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూశారు. "దీన్ని ఎవరూ అనుమానించలేదేటమ్మా?" అన్నారు. వనజాక్షి తెల్లబోయింది. "రేపు మీ తరగతికి వస్తాను. మీ హెడ్మాస్టరుగారితో చెప్పు" అని లేచారు. ఆమె అడిగినదానికి మాత్రం ఏమీ చెప్పలేదు.

సోమవారం వచ్చారు. ఎంపికైన ముప్పైమందీ ఉన్నారు, గౌరీశ్వరి చివరి బల్ల మీద ఉంది. హెడ్మాస్టరు కుర్చీ వేయించుకుని గుమ్మంలో కూర్చున్నారు. మాస్టారు ఒక్కొక్కరికీ ఒక తెల్ల కాగితం ఇప్పించి, "ఈ గదిలో బల్లలు తీసీసి, అందరూ మఠం వేసుకుని కూర్చుంటే ఎంతమంది పడతారు? జవాబు నాకు అక్కర్లేదు. బెల్లు కొట్టగానే చిత్తు కాగితం ఇచ్చీండి, చాలు" అన్నారు.

గదిలో ఎవరూ కదల్లేదు. ముందు బల్ల మీది పిల్లొకతె చెయ్యెత్తి, ఇది ఏ చాప్టరండీ అని అడిగింది. ఏ చాప్టరూ కాదన్నారు మాస్టారు. ఇంకొకడు ఆప్షన్లు చెప్పమన్నాడు. ఆప్షన్లు లేవన్నారు. కొందరు లెక్క మొదలుపెట్టి, తప్పవుతుందేమోనని చేత్తో మూసుకున్నారు. నిశ్చల్ పేరు రాసి, మార్జిన్ గీసి, కలం మూత పెట్టేశాడు. మాస్టారు వాడి పక్కన కూర్చుని, ఎంపిక పరీక్షలో ముప్పై తొమ్మిదీ ఎలాగొచ్చాయని మెల్లగా అడిగారు. "చూడగానే తెలిసిపోయాయి సార్. అన్నీ మోడల్ పేపర్లలో చేసేసినవే" అన్నాడు వాడు. వాడు అబద్ధం చెప్పే పిల్లాడు కాదు. నాలుగేళ్లుగా రోజుకు రెండు మోడల్ పేపర్లు చేస్తున్నాడు. మరి చెయ్యనిది ఇస్తేనో అన్నారు మాస్టారు. నిశ్చల్ నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"చెయ్యనిది ఎందుకిస్తారు సార్?"

ఈలోగా గౌరీశ్వరి బల్ల దిగి, నేల మీద మఠం వేసుకుని, తన మోకాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీసుకుంది. ఆ గీత జానలతో కొలిచింది. గది పొడవూ వెడల్పూ అడుగులు వేసి కొలిచింది. భాగించింది, కొట్టేసింది. ముందు వరసవాళ్ల మధ్య సందుల్లోకి వెనక వరసవాళ్ల మోకాళ్లు పడతాయని తోచి మళ్లీ గీసింది. గుమ్మం దగ్గర తలుపు తిరగడానికి చోటు వదలాలని గుర్తొచ్చి అదీ కొట్టేసింది. ఇంతలో బెల్లు కొట్టారు.

"జవాబు రాలేదుగా మాస్టారూ" అన్నారు హెడ్మాస్టరు, అనుకున్నట్టే అయిందన్న సంతోషంతో.

"బెల్లు కొట్టీసినారు కదండీ" అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రమే వనజాక్షి సంతకం పెట్టింది. హెడ్మాస్టరు మొహం మాడ్చుకున్నా కాదనలేకపోయారు. తన ప్రశ్నకు మాస్టారు జవాబు చెప్పేశారనే వనజాక్షి అనుకుంది. నాతో ఫోనులో చెప్పినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. కథ ఇక్కడే ముగిసిందనుకుంటే మన మనసుకూ ఎంత హాయి.

ప్రతిభా తరగతి నడిచింది. రోజుకొక పరీక్ష, వారానికొక పెద్ద పరీక్ష, శనివారం గోడ మీద ర్యాంకుల పట్టీ. మొదటి నెలల్లో గౌరీశ్వరి పేరు అట్టడుగున ఉండేది. కొట్టివేతలకు మార్కులు పోయేవి, సమయం చాలేది కాదు. పిల్ల ఏడ్చేది. ఆమె కోసం సంతకం పెట్టిన వనజాక్షికి ఆ పట్టీ చూసినప్పుడల్లా తలకొట్టేసినట్టుండేది. అందుకని బడి వదిలాక కూర్చోబెట్టి మోడల్ పేపర్లు చేయించింది. ప్రశ్న చూడగానే అది ఏ రకమో పోల్చుకోవడం, పోల్చుకోలేనిది వదిలేసి ముందుకు పోవడం నేర్పింది. పిల్లను నిలబెట్టాలన్న పట్టుదలే గాని అందులో ఇంకేమీ లేదు. దసరా నాటికి గౌరీశ్వరి పదో స్థానానికి, క్రిస్మస్ నాటికి మూడో స్థానానికి వచ్చింది. జనవరిలో జిల్లా అంతటా జరిగిన ప్రతిభా పరీక్షలో నలభైకి నలభై తెచ్చుకుని జిల్లాకే మొదటిదైంది. ఒకప్పుడు దొంగ అన్న హెడ్మాస్టరే ఆమె చిత్తు కాగితానికి నకలు తీయించి, ఇలా రాయడం నేర్చుకోండని గోడకు అంటించారు.

ఫలితాలొచ్చిన ఆదివారం గౌరీశ్వరినీ, సింహాద్రినీ, ఒక మిఠాయి పొట్లాన్నీ వెంటబెట్టుకుని వనజాక్షి మాస్టారింటికి వెళ్లింది. మెచ్చుకోలు కోసమే వెళ్లానని తనే ఒప్పుకుంది. చిత్తు కాగితం అసలు ప్రతిని మాస్టారి చేతిలో పెట్టింది. పైన హాల్ టికెట్ నంబరు, కింద స్కేలు గీత. అంతే. మాస్టారు దాన్ని వెలుతురుకు ఎత్తి చూడలేదు. మడిచి ఒళ్లో పెట్టుకుని, వడ్రంగి దుకాణంలో పిల్ల సాయం చేస్తోందా అని సింహాద్రిని అడిగారు.

"ఇదివరకు చేసీదండి" అన్నాడు సింహాద్రి. అతని మొహం వెలిగిపోతోంది. "చెక్క మీద సుద్దతో గీసీది, చెరిపీసీది, మళ్లీ గీసీది. చెక్కంతా పాడుచేస్తన్నావని తిట్టీవోణ్ణి. ఇప్పుడా బాధ లేదు బాబూ. మొన్నొక బండికి వెనక తలుపు కొలత కుదరక చూడమంటే, 'ఇది ఏ మోడలూ కాదు నాన్నా' అనీసింది. ఒక్క గీత గియ్యలేదు. మా గుంట తప్పులు చెయ్యడం మానీసింది బాబూ."

గౌరీశ్వరి సిగ్గుపడి నవ్వింది. ఆ పిల్లను తప్పు చెయ్యకుండా కాపాడింది తనేనని, ఆ మాట తండ్రి నోట వినేదాకా తనకు తట్టనే లేదని, నాతో చెప్తూ వనజాక్షి కళ్లనీళ్లు పెట్టుకుంది.

మాస్టారు పిల్ల తల మీద చెయ్యి వేసి, బాగా చదువుకో అమ్మా అన్నారు. తండ్రీ కూతుళ్లు గేటు దాటి రోడ్డెక్కేదాకా చూసి, వనజాక్షి వైపు తిరిగి, మడిచిన తెల్ల కాగితం ఆమె చేతిలో పెట్టారు.

"జూన్‌లో వచ్చి, ఈ పిల్లని నమ్మాలా, అనుమానించాలా అని అడిగినావు. అడగవలసిన ప్రశ్నే. కొంచెం ముందుగా అడిగీసినావమ్మా."