జంబులయ్య అడిగిన షరతు

సుద్దగుట్ట కింద ఉండే జీవాలన్నీ కూలి చేసుకుని బతికేవే. గుట్ట మీద సున్నపురాయి, గుట్ట కింద సున్నపు బట్టీ. ఆ బట్టీ నక్క జంబులయ్యది. రాయి మోసేది గాడిదలు, మోయించేది నక్క. లాభం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

గాడిద ఈరమ్మ ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ రాళ్ళే మోసింది. బరువు ఒరుసుకోకుండా వీపు మీద వేసే గోనె మెత్తను గంత అంటారు. జంబులయ్య ఇచ్చే గంతలో మెత్తదనం ఎప్పుడో పోయింది. మిగిలింది పీచూ, రాళ్ళపొడీ. దాని కింద ఈరమ్మ వీపు మీద గిట్టంత పుండు. సున్నం పడ్డప్పుడల్లా భగ్గున మండేది. కొన్నాళ్ళు బరువు ఎత్తకుండా ఉంటే మానే పుండే అది. ఆ కొన్నాళ్ళూ తిండి ఎవరు పెడతారు? ఆమె తల్లి కూడా అలాంటి పుండుతోనే మోసి మోసి బట్టీ దారిలో కూలిపోయింది. ఆమె మీది రాళ్ళు మాత్రం ఆ సాయంత్రానికే బట్టీకి చేరాయి.

పక్కింటి కోడి చుక్కమ్మ సంగతి ఇంకా అన్యాయం. గింజ దొరకని ఎండాకాలంలో జంబులయ్య ఆమెకు గుప్పెడు తవుడు పోసి, పెట్టబోయే గుడ్లన్నీ తనవేనని మాట తీసుకునేవాడు. గుడ్డు కడుపులో ఉండగానే నక్క సొత్తు. పొదగడం ఎలాగో కూడా చుక్కమ్మ మరిచిపోయింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అడవికి పెద్ద ఏనుగు భద్రయ్య. ఒకప్పుడు కలప డిపోలో గొలుసులు మోసి తప్పించుకొచ్చినవాడు. అడవి ధాన్యం దాచే పాతర నిండా జొన్నలున్నాయి, గుట్ట కింద డొక్కలు ఎండుతున్నాయి. ఆయన అందరినీ పిలిచి ఒకటే మాట చెప్పాడు.

"అమావాస్య అమావాస్యకీ ఇంటికో బుట్ట జొన్నలు. వాటితో ఏం చేసుకుంటారో మీ ఇష్టం. నేను అడగను."

జంబులయ్యకు గుండెల్లో రాయి పడింది. పాతరకు కాపలాదారు కూడా ఈ నక్కే. అందుకని ప్రతి అమావాస్యకూ ఆయన ఇంటికి రెండు బుట్టలు ఎప్పటి నుంచో వెళుతున్నాయి. కాపలా అంటే పాతర మూత మీద కూర్చుని కునికిపాట్లు పడటం.

"పెద్దయ్యా, కొంప ముంచుతున్నారు," అన్నాడు. "వీళ్ళ సంగతి మీకు తెలీదు. బుట్ట చేతికి రాగానే ఇప్పసారా కొట్టు దగ్గర తేలతారు. ఊరికే తినడం మప్పితే ఇక లేచి నిలబడరు."

"చూద్దాం," అన్నాడు ఏనుగు.

మొదటి బుట్ట వచ్చిన రోజు ఈరమ్మ కడుపు నిండా తిన్నది. పిడికెడు గింజలు కోతికిచ్చి వేపనూనె తెప్పించుకుని పుండుకు రాయించుకుంది. తర్వాత తుమ్మచెట్టు నీడన పడుకుంది. మర్నాడూ పడుకుంది. ఆ మర్నాడూ అంతే. పని వేళలో నీడన పడుకోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

చుక్కమ్మ ఆ నెల తవుడుకు వెళ్ళలేదు. ఎండుటాకులు పోగేసి, పెట్టిన గుడ్ల మీద కూర్చుంది.

బట్టీ చల్లారిపోయింది. జంబులయ్య పళ్ళు నూరుకుంటూ వచ్చాడు.

"ఏమే ఈరీ! రాళ్ళు మోయడానికి మీ తాత వస్తాడా?"

"తాతను మీ నాన్నే మోయించి చంపాడు కదయ్యా. ఇక ఎక్కడి నుంచి వస్తాడు?"

గుడ్ల మీద నుంచి చుక్కమ్మ కిసుక్కున నవ్వింది.

"నువ్వు నోరు ముయ్యవే! నా గుడ్ల మీద కూర్చుని ఇకిలింపులా?"

"ఈ ఏడు నీ తవుడు తినలేదుగా అన్నా. తవుడు నీ దగ్గరే ఉంది, గుడ్లు నా దగ్గరే ఉన్నాయి. లెక్క సరిపోయింది."

జంబులయ్య గొంతు మార్చాడు. "చూడు ఈరమ్మా, పాతికేళ్ళ అనుబంధం మనది. రోజూ పిడికెడు తవుడు ఎక్కువిస్తాను. లే."

"వస్తానయ్యా. పని అంటే నాకేం ఏడుపు లేదు," అంది ఈరమ్మ. "కొత్త గంత కుట్టించు. బరువు సగం చెయ్యి. పుండు మానగానే వస్తాను."

"సగమా! అడుక్కుతినే మొహానికి బేరాలొకటా?"

"అడుక్కుతినేటప్పుడు బేరమాడలేదయ్యా. ఇప్పుడు అడుక్కోవడం లేదు గనక ఆడుతున్నాను."

అదే మాట పక్క గాడిద అంది. ఆ పక్క గాడిదా అంది. జంబులయ్యకు అర్థమైంది. బుట్ట జొన్నలతో వీళ్ళకు కడుపు నిండటం కాదు, నోరు లేచింది. అది లేవకుండా చూసుకోవడానికే గదా తాతల కాలం నుంచీ తవుడు కొలిచి కొలిచి పోస్తున్నది!

నేరుగా ఏనుగు దగ్గరికి పరిగెత్తాడు.

"నేను చెప్పానా పెద్దయ్యా! గాడిద నడిపొద్దున కాళ్ళు బారజాపి పడుకుంది. అందరూ సోమరిపోతులయ్యారు. ఇక ఊరికే ఇవ్వకండి, షరతు పెట్టండి. బట్టీకి రాళ్ళు మోసినవాళ్ళకే బుట్ట అనండి. వాళ్ళ మంచికే చెబుతున్నాను."

ఏనుగు చెవులు ఆడించాడు. "వచ్చే అమావాస్యకు అందరూ పాతర దగ్గరికి వస్తారుగా. అక్కడే తేలుద్దాం."

ఆ కబురు గుట్ట కిందికి చేరగానే చుక్కమ్మ గుండెలు బాదుకుంది. "అయిపోయిందక్కా! షరతు పెడితే నువ్వు మళ్ళీ ఆ గంత కిందికి పోవాల్సిందే. మానుతున్న పుండు మళ్ళీ పగులుతుంది."

ఈరమ్మకు వాళ్ళమ్మ కూలిపోయిన మలుపు కళ్ళ ముందు మెదిలింది. ఆ పూటంతా తుమ్మచెట్టు కింద నెమరు లేని నోటితో గాలి నములుతూ ఆలోచించింది. వీపు మండుతున్నన్నాళ్ళూ ఆమెకు మండటం తప్ప మరో ఆలోచన ఉండేది కాదు. నొప్పి తగ్గితే గాడిద బుర్ర కూడా పనిచేస్తుందని ఇన్నాళ్ళకు తెలిసింది. లోకమంతా గాడిదకు బుర్ర లేదంటుంది. ఉన్న బుర్రను వాడుకునే తీరిక ఎవరిచ్చారు గనక!

అమావాస్య పొద్దున పాతర దగ్గర అందరూ చేరారు. జంబులయ్య మూత మీదికెక్కి తోక విదిలించాడు.

"అయ్యలారా, అమ్మలారా! ఉచితంగా వచ్చిన తిండి విషంతో సమానం. అది ఒంట్లో బలాన్ని తినేస్తుంది, మనసులో సిగ్గును చంపేస్తుంది. నడిపొద్దున పడుకున్న ఈ గాడిదే సాక్ష్యం!"

"పడుకున్నావా ఈరమ్మా?" అడిగాడు ఏనుగు.

"పడుకున్నాను పెద్దయ్యా. ఎందుకు పడుకున్నానో చూడండి." ఆమె వెనక్కి తిరిగింది. పుండు ఎండి, అంచుల్లో కొత్త వెంట్రుకలు మొలుస్తున్నాయి.

ఏనుగు తొండం చివరతో ఆ మచ్చను తాకాడు. తన కాలి మీది గొలుసు మచ్చ వైపు ఒకసారి చూసుకున్నాడు.

"పుండు కథలు చెప్పి జాలి సంపాదించడం కాదు!" అని అరిచాడు జంబులయ్య. "షరతు సంగతి తేల్చండి!"

ఈరమ్మ అతని వైపు తిరిగి వినయంగా తల వంచింది. "అయ్యా, చదువులేనిదాన్ని, తెలీక అడుగుతున్నాను. షరతు లేకుండా తింటే నిజంగానే పాడైపోతారా?"

"పాడైపోతారు!"

"గాడిదలేనా? పెద్ద జాతులు కూడానా?"

"ఎవరైనా ఒకటే! పులైనా పాడైపోతుంది!"

"మరి మీలాంటి పెద్దమనుషులు షరతు లేకుండా తినరు కాబోలు."

జంబులయ్య ఛాతీ పొంగింది. చుట్టూ అంతమంది చూస్తుంటే నక్కకు పొగరు తప్ప ఇంకేం గుర్తుంటుంది? "తినను గాక తినను! షరతు లేని ముద్ద నా గొంతు దిగదు! ఒళ్ళొంచి సంపాదించిందే నాకు ఒంటబడుతుంది. అందరూ వినండి, ఇది నా మాట!"

"విన్నాం," అన్నాడు ఏనుగు.

"విన్నాం," అన్నాయి గాడిదలు.

"అయితే పెద్దయ్యా," అంది ఈరమ్మ, "షరతు కావాలని అడిగింది ఈ అడవి మొత్తం మీద జంబులయ్యగారొక్కరే. మేమెవరం అడగలేదు. అడిగినవాళ్ళకు కాదనకుండా పెట్టండి."

ఎక్కడో ఒక మేక ఫక్కుమంది. ఆ నవ్వు పాతర చుట్టూ పాకింది.

"అదేమిటి! నేను కాపలా..." అని నసిగాడు జంబులయ్య.

"పాతర మూత ఎత్తాలంటే నా తొండమే కావాలి," అన్నాడు ఏనుగు. "నువ్వు కాసిందేమిటి? ఇవాళ్టి నుంచి నీ రెండు బుట్టలూ షరతు మీదే. గుట్ట మీది రాయి నీ వీపు మీదే నీ బట్టీకి చేరాలి. మోసిన రోజుకే తిండి. మిగతావాళ్ళ బుట్టలు ఎప్పటిలాగే. ఎవరినీ ఏమీ అడగను."

"గంతైనా కొత్తది..."

"పాతదే ఉందిగా," అన్నాడు ఏనుగు. "పాతికేళ్ళుగా పనికొచ్చింది, ఇప్పుడెందుకు పనికిరాదు?"

గాడిదలు మర్యాదగా ఆ గంతను తెచ్చి నక్క వీపు మీద వేశాయి. ఈరమ్మే దగ్గరుండి తాడు బిగించింది. ఎక్కడ బిగిస్తే ఎక్కడ ఒరుస్తుందో ఆమె కంటే ఎరిగినవాళ్ళెవరు?

జంబులయ్య మొదటి బరువుతో సగం దారి దిగాడు. ఎండ నడినెత్తికి రాకముందే తుమ్మచెట్టు కింద దబ్బున కూలబడ్డాడు. నాలుక బయటికి వేలాడింది.

"అమ్మో, వీపు చీరుకుపోయింది! ఈ గంతలో గుప్పెడు మెత్తదనం లేదు. ఈరమ్మా, తల్లీ, పెద్దయ్యకు చెప్పు. నేను కొన్నాళ్ళు పడుకుంటాను. బుట్టలు మాత్రం ఇంటికి పంపించమను."

చుక్కమ్మ తన కొత్త పిల్లలను రెక్కల కిందికి తీసుకుంటూ చెట్టు అవతలి నుంచి తొంగి చూసింది.

"ఊరికే తింటే పాడైపోతావు అన్నా," అంది. "నీ మంచికే చెబుతున్నాను, లే!"

ఆకలిగా ఉన్నవాడికి షరతు పెట్టాలని తొందరపడే పెద్దమనిషి వీపు మీద ముందు ఆ గంత వేసి చూడాలి.