ఊరు ఊపిరి బిగబట్టే గీత

అనెస్తిస్ చెయ్యి పరాయి ఊళ్ళో బంగారం, సొంత ఊళ్ళో మట్టి. అదీ వాడి బాధ.

వాడిది గ్రీసు దేశంలో సముద్రం ఒడ్డున పెత్రినో అనే చిన్న ఊరు. ఊరి జనమంతా కలిపినా ఏథెన్స్‌లో ఒక వీధికి సరిపోరు. అయినా ఆ ఊరికి జీతాలిచ్చి ఆడించే బాస్కెట్‌బాల్ జట్టు ఉంది. అదీ మహానగరాల జట్లతో సమానంగా పై లీగులో ఆడుతుంది. ఎలా ఆడుతుందని నన్నడక్కండి. ఆడుతుంది, అంతే! పాత పొగాకు గోడౌనే వాళ్ళ హాలు. పైన రేకుల కప్పు, కప్పు మీద పావురాలు. ఆదివారం ఆట ఉందంటే ఊళ్ళో ఏ ఇంట్లోనూ మనిషి దొరకడు.

ఆ హాల్లో ఒక పద్ధతి ఉంది. ఆటలో ఎవరైనా మోటుగా అడ్డుపడితే, దెబ్బతిన్నవాడికి ఫ్రీ త్రోలు ఇస్తారు కదా. గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డం రాకుండా, బంతిని రింగులో వేసుకోవడమే. ఎదుటి జట్టువాడు గీత దగ్గరికొస్తే పెత్రినో జనం రేకులు ఎగిరిపోయేలా అరుస్తారు, బెంచీలు బాదుతారు. డోలు కొట్టే మనోలిస్ అయితే ఒళ్ళు మరిచిపోతాడు. అదే తమ పిల్లాడు నిలబడితే ఒక్కరు కిక్కురుమనరు. మనోలిస్ కర్రలు రెండూ చంకలో పెట్టుకుంటాడు. చంటిపిల్లల నోట్లో రొట్టెముక్క పెట్టేస్తారు. పావురాల గోళ్ళు రేకుల మీద గీసుకునే చప్పుడు వినపడుతుంది.

ఆ నిశ్శబ్దమే అనెస్తిస్ కొంప ముంచింది.

పరాయి ఊళ్ళో జనం వాడి తల్లినీ చెల్లినీ తిడుతుంటే హాయిగా నవ్వుకుంటూ బంతి వేసేవాడు. పడేది. సొంత ఊళ్ళో అందరూ నోరు మూసుకునేసరికి వాడి అరచేతులు చెమటలు పట్టేవి. బంతిని నేలకేసి కొట్టేవాడు, చేతులు తుడుచుకునేవాడు, మళ్ళీ కొట్టేవాడు, మళ్ళీ తుడుచుకునేవాడు. చివరికెప్పుడో వేస్తే అది రింగు అంచుకి తగిలి ఎటో పోయేది. ఈ సంగతి లీగంతా పాకింది. ఎవరొచ్చినా కావాలని వాడి మీదే పడి గీత దగ్గరికి పంపించేవాళ్ళు. జట్టు వరసగా ఓడిపోయింది. ఆఖరి ఆట ఒక్కటే మిగిలింది. అదీ ఓడితే కింది లీగే గతి. కింద పడ్డ చిన్న ఊరి జట్టు మళ్ళీ పైకి రావడం ఎంత కష్టమో పెత్రినోలో ప్రతివాడికీ తెలుసు.

దానికి ముందు ఆటకే వాడొక పిచ్చిపని చేశాడు. ఎవరికీ చెప్పకుండా మనోలిస్ దగ్గరికెళ్ళి బతిమాలాడు.

"మావా, ఈసారి నేను వేసేటప్పుడు డోలు వాయించు. నేను పరాయి ఊళ్ళో ఉన్నాననుకుంటాను."

మనోలిస్ మొహమాటస్తుడు, సరేనన్నాడు. వాయించాడు కూడా. హాలంతా ఒక్కసారి వెనక్కి తిరిగి మనోలిస్‌ని చూసింది. పాపం ఆ పెద్దమనిషి చెవులదాకా ఎర్రబడిపోయాడు. పోనీ బంతి పడిందా అంటే, అదీ లేదు.

ఇక ఆగలేక అనెస్తిస్ తన కోచ్ స్తమాతిస్ దగ్గరికి వెళ్ళాడు. ముసలాయన మోకాలికి తైలం రాసుకుంటూ కూర్చున్నాడు.

"దాస్కలే," అన్నాడు వాడు. అక్కడ గురువుని అలాగే పిలుస్తారు. "ఆదివారం నన్ను ఆడించకండి."

"ఎందుకురా?"

"వాళ్ళందరూ నోరు మూసుకుని నా తప్పు కోసం ఎదురుచూస్తున్నారు. తిట్టినా భరిస్తాను గానీ ఆ చూపులు నావల్ల కాదు. నావల్ల ఊరు మునిగిపోతే నేనిక్కడ ఎలా తలెత్తుకు తిరగను?"

స్తమాతిస్ తైలం సీసాకి మూత పెట్టాడు. "ఆదివారం కాస్త ముందే రా," అన్నాడు. అంతే.

ఇక్కడ స్తమాతిస్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన కుర్రతనంలో అదే జట్టుకి ఆడాడు. అదే హాల్లో, అదే గీత దగ్గర, ఇలాంటి ఆఖరి ఆటలోనే గురి తప్పాడు. ఆ ఏడు ఊరు కింది లీగులోకి పోయింది. అది మొదలు ఆయన ఆ గీత తొక్కలేదు. శిక్షణ ఇచ్చేటప్పుడు కూడా పక్కనుంచే చెప్పేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఊరందరికీ తెలిసిన సంగతే కదా.

ఆదివారం సాయంత్రం ఆట ఇంకా మొదలవలేదు. హాలు మాత్రం కిటికీలదాకా నిండిపోయింది. ఆటగాళ్ళు బయటికి రాబోతుంటే స్తమాతిస్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరంతా ఆగండి. ఒరేయ్ అనెస్తిస్, నువ్వు పైకెళ్ళు. ఆఖరి వరసలో ఫొతినీ మామ్మ ఉంటుంది. ఆవిడ పక్కన కూర్చో."

"ఇప్పుడా? ఆట పెట్టుకుని?"

"వెళ్ళమన్నానా!"

జట్టు బట్టల్లోనే వాడు మెట్లెక్కాడు. ఫొతినీ మామ్మది రొట్టెల కొట్టు. ఊళ్ళో సగంమంది ఆవిడ రొట్టె తినే పెరిగారు. ఆవిడ జరిగి చోటిచ్చి, "ఏం నాయనా, ఒంట్లో బాలేదా?" అంది. వాడు తల దించుకు కూర్చున్నాడు.

కింద స్తమాతిస్ ఒక బంతి తీసుకున్నాడు. కుంటుకుంటూ నడిచాడు. ఎటు వెళ్తున్నాడో మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక హాలు వరస వరసగా మూగబోయింది. కోటు విప్పకుండానే ఆయన గీత మీదికి వచ్చి నిలబడ్డాడు.

మనోలిస్ కర్రలు చంకలోకి పోయాయి. ఎక్కడో ఏడవబోయిన పసిపిల్ల నోరు ఎవరో మూశారు. పావురాలు నడిచే చప్పుడు, బయట సముద్రం చప్పుడు.

ఫొతినీ మామ్మ అనెస్తిస్ మణికట్టు పట్టుకుంది. పట్టుకున్న సంగతి ఆవిడకే తెలియదు. చూపంతా కిందనే ఉంది, పెదాలు బిగుసుకున్నాయి. వాడు పక్కకి చూశాడు. చేపలమ్మే ఆయన టోపీ గుండెకి అదుముకున్నాడు. బడి పంతులమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. వాళ్ళ ముందు వరస, దాని ముందు వరస, కింద దాకా ఒక్క భుజమూ కదలడం లేదు. ఇంతమందీ ఊపిరి తీసుకోవడం మానేశారు! పుట్టి పెరిగిన ఊరు, ఇన్నేళ్ళూ వాడు గీత దగ్గర నిలబడినప్పుడల్లా ఇదే చేస్తూ వచ్చింది. వాడు ఒక్కసారి కూడా చూడలేదు. తన గుండె దడదడా కొట్టుకుంటుంటే అప్పుడు తెలిసింది వాడికి, తనూ ఊపిరి బిగబట్టాడని.

స్తమాతిస్ బంతి వేశాడు.

రింగు మీద తిరిగి తిరిగి బయటికి పడింది.

హాలంతా ఒక్క నిట్టూర్పు విడిచింది. "అయ్యో నా తండ్రీ," అంది ఫొతినీ మామ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "పోన్లే స్తమాతీ! పోన్లే నాయనా!" అని పైనుంచి కేకేసింది. చేపలాయన చప్పట్లు మొదలుపెట్టాడు. ఆ చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

అనెస్తిస్ కిందికి వచ్చాడు. ముసలాయన ముక్కు చీదుకుంటున్నాడు.

"నేను బంతి వేసేముందు ఏం వినపడిందిరా పైన?"

"ఏమీ వినపడలేదు దాస్కలే."

"నాకూ గీత దగ్గర ఏమీ వినపడలేదు. పద, ఆడు."

ఆడారు. రాజధాని నుంచి వచ్చిన జట్టు, తాటిచెట్లంత మనుషులు. అయినా పెత్రినో పట్టు వదల్లేదు. ఆట ఇక అయిపోతుందనగా స్కోరు సమానం. బంతి అనెస్తిస్ చేతికొచ్చింది, వచ్చిందో లేదో ఇద్దరు కలిసి వాడి మీద పడ్డారు. వాళ్ళకి కావలసిందీ అదే. రెండు ఫ్రీ త్రోలు. ఒక్కటి పడితే చాలు.

హాలు మూగబోయింది.

పాత అలవాటు ఎక్కడికి పోతుంది? వాడు బంతిని నేలకేసి కొట్టాడు, చేతులు తుడుచుకున్నాడు, మళ్ళీ కొట్టాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. వేశాడు. అంచుకి తగిలి పక్కకి పోయింది.

రిఫరీ బంతి మళ్ళీ అందించాడు. చేతులెత్తబోతుంటే మణికట్టు మీద ఫొతినీ మామ్మ గోళ్ళ గుర్తులు కనపడ్డాయి, ఇంకా ఎర్రగా ఉన్నాయి. పైన ఆ ముసలావిడ, ఆవిడ పక్కన చేపలాయన, పంతులమ్మ, ఇటు బెంచీ మీద బుగ్గలు పూరించుకుని కూర్చున్న ముసలాయన. పాపం ఇంతమంది ఎంతసేపని ఊపిరి బిగబట్టి ఉంటారు?

వాడు బంతి నేలకేసి కొట్టలేదు. చేతులు తుడుచుకోలేదు. వెంటనే వేసేశాడు.

వల చప్పుడు ఆఖరి వరసదాకా వినపడింది. ఆ తర్వాత ఊరంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. రేకుల మీద పావురాలన్నీ లేచిపోయాయి.

మర్నాడు పొద్దున హాల్లో ఎవరూ లేరు. గురుశిష్యులిద్దరూ బెంచీలు సర్దుతున్నారు. అనెస్తిస్ ఉండబట్టలేక అడిగాడు.

"దాస్కలే, నిన్న నాకోసం కావాలనే తప్పేశారు కదూ?"

స్తమాతిస్ నడుం పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"కావాలని తప్పడమేంట్రా, నీ మొహం! పడాలని ఎంతమంది దేవుళ్ళకి మొక్కుకున్నానో నాకు తెలుసు."

అనెస్తిస్ బెంచీ కింద ఉన్న బంతి తీసి, చొక్కాకి తుడిచి ముసలాయన చేతిలో పెట్టాడు. తర్వాత మెట్లెక్కి ఆఖరి వరసకి వెళ్ళి, ఫొతినీ మామ్మ చోట్లో కూర్చున్నాడు. నోరు మూసుకుని ఊపిరి బిగబట్టాడు.

స్తమాతిస్ పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కుంటుకుంటూ గీత వైపు నడిచాడు.