చిలుక అరగదీసిన పిలుపు

పిల్లలూ, మీ తాతకు తాత కూడా పుట్టకముందు ఒక రాజు ఉండేవాడు. ఆయన కొడుకు వీరకేతుడికి మంత్రిగారమ్మాయి కుముదిని అంటే ప్రాణం. వేట నుంచి వస్తే ముందు ఆమె వాకిట్లో ఆగి, "కుముదినీ, వచ్చాను!" అని కేకేసేవాడు. ఆమె పరుగెత్తుకొచ్చేది. పెళ్లికి ముహూర్తం కూడా పెట్టారు. అంతలో కంకాళుడనే మాంత్రికుడు ఆమెను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు.

వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. జిత్తులమారి వెధవ, ఆమెను గొలుసులతో కట్టలేదు. ఆ చిలుకకు వీరకేతుడి గొంతు నేర్పాడు, అంతే! పొద్దున లేస్తే "కుముదినీ, వచ్చాను!" అన్నం ముందు కూర్చుంటే "కుముదినీ, వచ్చాను!" దీపం పెడుతుంటే "కుముదినీ, వచ్చాను!" పాపం, మొదట్లో పిలిచినప్పుడల్లా పరుగెత్తింది. ఎవరూ లేరు. తర్వాత నడిచి వెళ్లింది. తర్వాత తల మాత్రం ఎత్తింది. చివరికి అదీ మానేసింది. బెంగ మాత్రం తగ్గలేదు.

వీరకేతుడు ఏడు సముద్రాలూ దాటాడు. దారిలో వలలో చిక్కిన ఒక కాకిని విడిపిస్తే, అదీ వెంట వచ్చింది. మాంత్రికుడు గుమ్మంలో మంచం వేసుకుని కునుకు తీస్తున్నాడు. లోపల కుముదిని పూలు కడుతోంది. ఆమెను చూడగానే వీరకేతుడు ఆగలేకపోయాడు.

"కుముదినీ, వచ్చాను!"

ఆమె తలెత్తలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి పిలిచాడు. ఊచలు పట్టుకుని మళ్లీ పిలిచాడు. ఆమె దారం ముడి వేసుకుంటూనే ఉంది.

"నన్ను మరిచిపోయింది," అని కన్నీళ్లు పెట్టుకున్నాడు.

"మరిచిపోలేదు బాబూ!" అంది కాకి. "జొన్నచేలో దిష్టిబొమ్మను పెడితే మొదట మేం హడలిపోతాం. అది ఏమీ చెయ్యదని తెలిశాక దాని నెత్తిమీదే కూర్చుంటాం. ఆనక రైతే వచ్చి నిలబడినా బొమ్మేలే అనుకుంటాం. నేను వలలో పడింది అలాగే! ఆ చిలుక కూతలు వినలేదూ? ఆమె చెవికీ అదే గతి పట్టింది. అటు చూడు, నువ్వన్ని కేకలేసినా మాంత్రికుడూ లేవలేదు!"

వీరకేతుడు కళ్లు తుడుచుకున్నాడు. మంచం పక్కనుంచే దర్జాగా లోపలికి నడిచి, చిలుక గొంతు నొక్కేశాడు. పిలుపు సగంలో ఆగింది. కంకాళుడు మరి లేవనేలేదు.

ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి కుముదిని తలెత్తింది.

"మీరేనా?" అంది. చెయ్యి ముట్టుకుని చూసి భోరుమంది. "మళ్లీ అలా పిలవకండి. ఆ పిలుపుకు పరుగెత్తి పరుగెత్తి నా కాళ్లు అలిసిపోయాయి."

"పిలవను," అన్నాడు.

వైభవంగా పెళ్లయింది. చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. ఎక్కడినుంచి వచ్చినా రాజు తలుపు తట్టేవాడే తప్ప పిలిచేవాడు కాదు. ఆ కేక కోసం మనసు కొట్టుకునేది, అయినా మింగేసేవాడు. ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఒకనాడు వేట నుంచి వస్తూ, మరిచిపోయి వాకిట్లోనే అనేశాడు:

"కుముదినీ, వచ్చాను!"

అని నాలుక కరుచుకున్నాడు. లోపల పూలబుట్ట కిందపడ్డ చప్పుడైంది. ముసలి రాణి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

రాణి గుమ్మం చేరింది, మన కథా గుమ్మం చేరింది.