పదిహేనో స్థానం

గుంతకల్లు రైల్వే కాలనీలో లిఖిత అనే కత్తియుద్ధ క్రీడాకారిణి ఉండేది. కత్తి పట్టిందంటే ఆమెకు ఎదురు నిలిచేవాళ్ళు దేశంలో లేరు గానీ, పతకం రాని ఆట అంటే మాత్రం ఆమెకు చేయి లేచేది కాదు.

ఆ ఆటను ఫెన్సింగ్ అంటారు. అందులో లిఖిత ఆడేది ఎపీ అనే రకం. సన్నటి పొడుగు పట్టీ మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. కత్తి మొన నడినెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా ఎక్కడ తగిలినా పాయింటే. తగలగానే వంటికి తగిలించుకున్న వైరు ద్వారా దీపం వెలుగుతుంది. ఒకరికొకరు ఒకేసారి తగిలించుకుంటే రెండు దీపాలూ వెలుగుతాయి, ఇద్దరికీ చెరో పాయింటు వస్తుంది. చెప్పుకోవడానికి ఇంతే. ఆడేటప్పుడు మాత్రం కనురెప్ప వేసేలోగా అంతా అయిపోతుంది.

జనం నిండిన హాల్లో లిఖిత ఆట చూసి తీరవలసిందే. చప్పట్లు వినబడితే చాలు, ఆమె కాళ్ళకు రెక్కలొచ్చేవి. జాతీయ పోటీల్లో వరసగా మూడేళ్ళు బంగారు పతకం ఆమెదే. రైలింజను నడిపే వాళ్ళ నాన్న ఓబులేసు ఆ పతకాలన్నీ టీవీ పక్కన మేకులకు తగిలించి, ఇంటికి వచ్చినవాళ్ళకు కాఫీ కన్నా ముందు వాటినే చూపించేవాడు.

జాతీయ జట్టులో నలుగురు ఉండేవారు. ముగ్గురు ఆడతారు, నాలుగో మనిషి రిజర్వ్. ఆ నాలుగో మనిషి ఆదోని అమ్మాయి ఫర్హానా. లిఖిత కన్నా రెండేళ్ళు చిన్నది. అందరి మాస్కులూ వైర్లూ ఉన్న పెద్ద సంచీ మోసేది ఆమే. మ్యాచ్‌కు ముందు ఒక్కో వైరూ తగిలించి దీపం వెలుగుతోందో లేదో చూసేది. ఒక్కో కత్తి మొన మీదా చిన్న తూకపు రాయి నిలబెట్టి స్ప్రింగు సరిచూసేది. లిఖిత ఆమెను 'ఆటలో అరటిపండు' అని ఆటపట్టించేది. ఫర్హానా నవ్వి ఊరుకునేది.

ఒలింపిక్స్‌కు ఏడాది ముందు, కోచ్ దస్తగిరి సారు నలుగురినీ కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాడు. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. మాట తక్కువ, లెక్క ఎక్కువ.

"వినండమ్మా. ఒలింపిక్స్‌లో మన ఆటకు ఎనిమిది జట్లకే చోటు. ప్రపంచ ర్యాంకుల్లో మొదటి నాలుగు జట్లూ నేరుగా పోతాయి. అవి మనకందవు. మిగిలిన నాలుగు చోట్లూ ఖండానికి ఒకటి లెక్కన ఇస్తారు. పదహారో ర్యాంకు లోపల ఉండి, ఆ నాలుగు జట్లను తీసేశాక ఆసియాలో ముందున్న జట్టు ఏదో, అది పోతుంది. ఆ చోటు కోసం ఇప్పుడు మనమూ ఉజ్బెకిస్తాన్ వాళ్ళూ కొట్లాడుతున్నాం."

"జట్టు పోకుంటే, సార్?" అని ఫర్హానా అడిగింది.

"అప్పుడు ఆసియాకంతా ఒకే ఒక్క పోటీ. దేశానికి ఒక్కరినే పంపాల. అందులో గెలిచిన ఒక్కరే ఒలింపిక్స్‌కు పోతారు. అదే జట్టు పోయిందనుకో, ముగ్గురూ విడిగా కూడా ఆడొచ్చు. నాలుగో మనిషి రిజర్వ్‌గా వస్తుంది, జట్టు మ్యాచ్‌లో అవసరమైతేనే దిగుతుంది. అందుకే చెప్తున్నా. ఏడాది పొడుగునా ప్రతి టోర్నీలోనూ స్థానాన్ని బట్టి పాయింట్లు. పదమూడుకీ పద్నాలుగుకీ ఒక్క పాయింటు తేడా. ఆ ఒక్కటీ పారేసుకోవద్దు."

లిఖిత తల ఊపింది. కానీ ఆమె మనసులో అప్పటికే ఒలింపిక్స్ హాలు, ఆ దీపాలు, ఆ చప్పట్లు మెదులుతున్నాయి. పదమూడూ పద్నాలుగూ చెవికెక్కలేదు.

నవంబరులో బుడాపెస్ట్‌లో టోర్నీ జరిగింది. మనవాళ్ళు మొదటి మ్యాచ్‌లోనే ఓడారు. ఈ ఆటలో ఓడినంత మాత్రాన ఇంటికి పంపరు. ఓడిన జట్లకు మళ్ళీ మళ్ళీ పోటీలు పెట్టి, పదహారో స్థానం దాకా ఎవరిది ఏదో తేలుస్తారు. అవి పక్క హాల్లో జరుగుతాయి. అక్కడ చూసేవాళ్ళుండరు. చాలా జట్లు విమానం టైము చూసుకుంటూ, త్వరగా ఓడిపోయి త్వరగా బయటపడదామని ఆడతాయి. మనవాళ్ళు అక్కడా రెండు ఓడి, చివరికి స్పెయిన్ జట్టుతో పదిహేనో స్థానానికి ఆడవలసి వచ్చింది.

"సార్, నా మణికట్టు నొప్పిగా ఉంది" అంది లిఖిత. నొప్పి లేదు, గిప్పీ లేదు. ఆ ఖాళీ హాలు చూస్తేనే ఆమెకు విసుగు. దస్తగిరి సారు ఆమె మణికట్టు వైపు కాదు, ముఖం వైపు చూశాడు. ఫర్హానాను దింపాడు.

జట్టు మ్యాచ్ తొమ్మిది రౌండ్లు. మూడేసి నిమిషాలకొక రౌండు, ఎవరు ముందు నలభై ఐదు కొడితే వాళ్ళది గెలుపు. చివరి రౌండు ఫర్హానాది. నలభై రెండు, నలభై నాలుగు దగ్గర స్పెయిన్ ముందుంది. ఇక ఒక్క దెబ్బ తగిలినా, రెండు దీపాలు కలిసి వెలిగినా ఆట ముగిసినట్టే. ఫర్హానా తనకు తగలకుండా వరసగా మూడు కొట్టాలి. తొందరపడలేదు. అంగుళం అంగుళం వెనక్కి జరిగి, అవతలి అమ్మాయిని తనవైపు రప్పించుకుని ఒకటి కొట్టింది. మళ్ళీ అలాగే రెండోది. మూడోది మోకాలి మీద.

బెంచీ మీద లిఖిత చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బ్యాగు సర్దుకుంటోంది. ఫర్హానా చెమటతో వచ్చి పక్కన కూలబడ్డాక గానీ తల ఎత్తలేదు.

"ఏమే, పదిహేనో స్థానానికి కూడా మెడలో ఏమన్నా ఏస్తారా? అంతగనం పోట్లాడితివే?" అంది నవ్వుతూ.

"ఏమీ ఎయ్యర్లే అక్కా" అంది ఫర్హానా నీళ్ళు తాగుతూ. "ఆ పిల్ల నా ముందర కత్తి పట్టుకోని నిలబడింది గదా. ఎట్ల ఇడిసిపెట్టేది?"

లిఖితకు ఆ జవాబు అమాయకంగా తోచింది. తిరుగు ప్రయాణంలో దాన్ని చెప్పి చెప్పి నవ్వించింది. ఆ తర్వాత టోర్నీల్లోనూ అంతే. పెద్ద మ్యాచ్ వస్తే పులిలా ఆడేది, పక్క హాల్లోకి వెళ్తే ఏదో ఒక వంక చెప్పి తప్పుకునేది, తప్పకపోతే నామమాత్రంగా ఆడి వచ్చేది. ఆ మ్యాచుల్లో ఫర్హానా మాత్రం ఎప్పుడు దింపినా ఒకేలా ఆడేది. అందులో ఎవరూ గమనించని గొప్పతనం ఉంది. పేపర్లో ఫోటో రాదని తెలిసీ ప్రతి దెబ్బకూ ప్రాణం పెట్టడం అందరివల్లా కాదు.

మార్చిలో చైనాలో చివరి టోర్నీ జరిగింది. ఈసారి ప్రపంచంలో రెండో ర్యాంకు జట్టుతో మొదటి మ్యాచ్ పడింది. హాలు కిక్కిరిసి ఉంది. లిఖిత అద్భుతంగా ఆడింది. అవతలి జట్టు కోచ్ కూడా లేచి చప్పట్లు కొట్టాడు. అయినా రెండు పాయింట్లతో మన జట్టు ఓడింది. ఆ తర్వాత పక్క హాల్లో ఒకటి ఓడి, ఒకటి గెలిచారు. చివరికి మిగిలింది కెనడాతో పదమూడో స్థానానికి మ్యాచ్.

దస్తగిరి సారు ఒక కాగితం తెచ్చి వాళ్ళ ముందు పరిచాడు.

"ఉజ్బెకిస్తాన్ వాళ్ళు ఈ టోర్నీలో మొదటి పదహారులోకి రాకుండానే ఓడి పోయినారు. వాళ్ళ లెక్క ముగిసింది. మనం ఇప్పుడు గెలిచి పదమూడో స్థానం తెచ్చుకుంటే, వాళ్ళకన్నా ఒక్క పాయింటు ముందుంటాం. ఓడితే సమానం. సమానమైతే ఏడాదిలో ఏదో ఒక టోర్నీలో అన్నిటికన్నా పెద్ద స్థానం ఎవరికుందో చూస్తారు. అది వాళ్ళకుంది."

"అంటే ఇది గెలిస్తేనే ఒలింపిక్సా, సార్?" అని అడిగింది లిఖిత.

"అంతే. ఇంకో మాట. బుడాపెస్ట్‌లో ఆ పదిహేనో స్థానం రాకుండా ఉంటే, ఈపొద్దు గెలిచినా సమానమే అయ్యేది, ఈ కాగితం పరిచే పనే ఉండేది కాదు."

లిఖిత తల దించుకుంది. తను నవ్విన ఆట మీదే తన ఒలింపిక్స్ ఇంకా నిలబడి ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో ముఖం వేడెక్కింది. ఫర్హానా మాత్రం ఆ మాట విననట్టే వైర్లు సరిచూస్తోంది.

మ్యాచ్ మొదలైంది. మొదటి రౌండు, ఐదో రౌండు, చివరి తొమ్మిదో రౌండు లిఖితవి. ఈసారి ఆమె మనసారా గెలవాలనుకుంది. కానీ హాల్లో కుర్చీలు ఖాళీ. ఒక మూల పనివాళ్ళు చాపలు చుడుతున్నారు. చప్పట్లు లేవు, కేకలు లేవు, తన బూట్ల చప్పుడు తనకే వినబడుతోంది. అలాంటి నిశ్శబ్దంలో గెలవడం ఆమె ఎన్నడూ సాధన చేయలేదు. కాళ్ళు కదలలేదు. మొదటి రౌండులో రెండు కొట్టి ఐదు తింది. ఐదో రౌండుకు మిగతా ఇద్దరూ కష్టపడి లెక్క సమం చేస్తే, ఆమె మళ్ళీ ఐదు పాయింట్లు పోగొట్టింది.

ఏడో రౌండు ముగిసేసరికి మనవి ముప్పై ఒకటి, కెనడావి ముప్పై నాలుగు. ఈ ఆటలో ఒక నియమం ఉంది. రిజర్వ్‌ను దింపాలంటే ఒక రౌండు ముందే రెఫరీకి చెప్పాలి. తొమ్మిదో రౌండుకు మార్పు కావాలంటే ఎనిమిదో రౌండు మొదలవకముందే చెప్పేయాలి. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం లేదు.

లిఖిత కత్తి వైపు చూసుకుంది. చివరి రౌండు తనది. గెలిస్తే పేరు తనది. దేశంలో మొదటి ర్యాంకు మనిషిని తనంతట తాను తీసేయడానికి దస్తగిరి సారుకు మనసొప్పలేదు.

"సార్" అంది లిఖిత. "చివరి రౌండు ఫర్హానాను పంపండి. ఈ హాల్లో ఆడేది నాకు రాదు. దానికొచ్చు."

ఆయన వెంటనే లేచి రెఫరీ దగ్గరికి నడిచాడు.

ఫర్హానా మాస్క్ పెట్టుకుంటుంటే లిఖితే వంగి ఆమె వెనక వైరు తగిలించింది.

"అక్కా, భయమైతాంది" అని గొణిగింది ఫర్హానా.

"నువ్వే చెప్తివి గదా. ముందర నిలబడినోళ్ళను ఇడిసిపెట్టకూడదని" అంది లిఖిత.

ఎనిమిదో రౌండు ముగిసేసరికి ముప్పై ఏడు, ముప్పై తొమ్మిది. ఫర్హానా దిగింది. కెనడా అమ్మాయి పొడగరి, దూకుడు మనిషి. ఫర్హానా వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి నడిచింది. ఒకటి కొట్టింది, ఒకటి తింది. రెండు కొట్టింది. లెక్క సమమైంది. మళ్ళీ వెనకబడింది. మళ్ళీ అందుకుంది. చివరికి నలభై నాలుగు, నలభై నాలుగు.

చాపలు చుట్టేవాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు. కెనడా అమ్మాయి దూకింది. ఫర్హానా అర అడుగు వెనక్కి జరిగి చేయి మాత్రం చాచింది. కత్తి మొన ఆ అమ్మాయి మణికట్టుకు తగిలింది. ఒక్కటే దీపం వెలిగింది. అది మనవైపు దీపం.

లిఖిత కేక వేసుకుంటూ పరుగెత్తి ఫర్హానాను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. ఆ ఖాళీ హాల్లో చప్పట్లు కొట్టినవాళ్ళు ఏడుగురో ఎనిమిది మందో. అంత మంచి చప్పట్లు లిఖిత అంతకు ముందెన్నడూ వినలేదు.

నెల తర్వాత ఒలింపిక్స్ పేర్లు చదివారు. ఎంపిక కమిటీ ఏడాదిలో ఆడిన ప్రతి మ్యాచ్‌నూ, చిన్నదనీ పెద్దదనీ చూడకుండా, లెక్కలోకి తీసుకుంది. ఎవరు ఎన్ని కొట్టారు, ఎన్ని తిన్నారు అని వరసగా రాసింది. పెద్ద మ్యాచుల్లో లిఖిత అందరికన్నా పైన ఉంది. పక్క హాలు మ్యాచులు కలిపేసరికి నాలుగో పేరుగా మిగిలింది. మూడో పేరు ఫర్హానాది. విడిగా ఆడే అవకాశం ఆ మొదటి ముగ్గురికే.

లిఖిత ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. ఎవరి మీదా కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి అందులో తప్పు లెక్క ఒక్కటీ లేదు. ఆ సాయంత్రం ఓబులేసు ఫోను చేసి, "ఏమ్మా, నిన్నెందుకు నాలుగులో ఏసినారు? నేనొచ్చి అడుగుతా" అన్నాడు.

"వద్దు నాయనా. నేను ఆడకుండా ఇడిసిపెట్టినవన్నీ కలిపి ఏసినారు" అంది లిఖిత.

ఒలింపిక్స్‌కు బయలుదేరే రోజు ఫర్హానా అలవాటుగా వైర్ల సంచీ భుజానికెత్తుకోబోయింది. లిఖిత దాన్ని ఆమె చేతిలోంచి లాక్కుంది.

"ఇటియ్యి. రిజర్వ్‌ది గదా ఈ పని" అంది.

"నీకెందుకక్కా, శానా బరువు" అంది ఫర్హానా.

"ఇన్నాళ్ళూ నువ్వు మోసింది నాకు తెలీకపాయె" అంది లిఖిత. సంచీ భుజాన వేసుకుని ముందు నడిచింది. దారిలో కూర్చుని ఒక్కో వైరూ తగిలించి చూసింది. ఒక్కటి కూడా వదిలిపెట్టలేదు.

నీతి: ఎవరూ చూడడం లేదని చిన్న పనిని తేలిగ్గా తీసుకోకూడదు. మనం కోరుకునే పెద్ద అవకాశం ఆ చిన్న పనుల మీదే నిలబడి ఉంటుంది.