పదహారెద్దుల బండి బేరం

రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి.

పూర్వం నూకాలు అనే ఆవిడ రెండు బండ్ల మీద దూరదేశాలకు ఉప్పు తోలుకుని బతికేది. ఒకరోజు రాజుగారి బండ్ల అధికారి భుజంగరాయుడు పదహారెద్దుల బండి చేయించుకుని, మీసం దువ్వుతూ వచ్చాడు.

"పది బండ్ల సరుకు ఇదొక్కటే మోస్తుంది. దీనికి ఒక్క వంక చూపించు, వదిలేస్తా. లేకపోతే నీ బండ్లూ ఎద్దులూ నాకిచ్చి దీన్ని కొనాల్సిందే!" అన్నాడు ఊరందరి ముందు.

నూకాలు వాటినెలా ఇస్తుంది? దూడలప్పటి నుంచి పెంచుకున్న ఎద్దులాయె! బండి చుట్టూ తిరిగి చూసింది. తన ఇల్లున్న ఇరుకు సందు వైపు చూసింది. నవ్వాపుకుంది.

"బంగారంలాంటి బండి దొరా! కొత్త బండిని గుమ్మం ముందు నిలిపి దిష్టి తీయడం మా ఆచారం. తోలుకురండి."

రాయుడు పైన దర్జాగా కూర్చుని సందులోకి తోలించాడు. నూకాలు గుమ్మడికాయ కొట్టి, "ఇక తిప్పండి, కొనేస్తాను" అంది.

ఎదురుగా గోడ. బండి తిరగదు. ఎద్దులా, వెనక్కి నడవవు. రెండు పక్కలా ఇళ్ళు ఒరుసుకుంటుంటే దిగడానికీ చోటు లేదు.

"దూరం పోయే బండి ఇల్లు చేరితే చాలదు దొరా, మళ్ళీ బయల్దేరాలి కదా!" అంటూ నూకాలు తన ఇంటి కప్పు మీద నుంచి నిచ్చెన అందించింది.

ఊరంతా పకపకా నవ్వుతుంటే రాయుడు కప్పుల మీదుగా దౌడు తీశాడు.

మీ సందుల్లో ఏ బండీ అడ్డం లేదుగా? పరుగెత్తండి, అన్నాలు చల్లారిపోతున్నాయి!