తలుపు తీతుది, తొట్టి జకరయ్యది

మేడిగుంటపాలెం లూథరన్ సంఘంవాళ్ళకి తమ తెలివి మీద మహా నమ్మకం. వానొస్తే తడుస్తామని వానకి ముందే చెప్పగలరు. (ఆ ఊరి నీళ్ళు తాగినవాణ్ణే కనక ఆ మాత్రం నేనూ చెప్పగలను.) అందరిలోకీ తెలివైనవాడు సంఘపెద్ద జకరయ్య.

ఒకసారి పట్నంలో పెద్ద పాస్టరు అయ్యగార్లకి తగువొచ్చింది. పరలోకానికి పోయేవాళ్ళని దేవుడు లోకం పుట్టకముందే ఊరికే ఎన్నుకున్నాడని సగంమంది. కాదు, వీళ్ళు నమ్ముతారని ముందే చూసి ఎన్నుకున్నాడని సగంమంది. ఆ మాట పాలెం చేరింది. ఇంకేముంది, జకరయ్యది 'ఊరికే' పక్షం, బావమరిది తీతుది 'చూసి' పక్షం.

"బతికే మొక్కని దేవుడెప్పుడో ఎన్నుకున్నాడు. మధ్యలో మనమెవరం?" అని జకరయ్య మిరపతోటకి నీళ్ళు మానేశాడు. అంతే, తోట ఎండింది.

తీతు కోతపండక్కి గుడికి కానుకగా ఖాళీ బుట్ట తెచ్చాడు.

"ఇదేంట్రా?"

"గుడ్లు బావా. కోడి వచ్చేవారం పెడుతుంది. దేవుడు ముందే చూశాడు, నీకే కనపడట్లా."

ఇక కలిసి కూర్చోలేక, శనివారం గుడి మధ్యన నిలువెత్తు మట్టిగోడ లేపారు. చేతులు కడుక్కుని చూస్తే ఏముంది, తలుపు తీతు వైపు, బాప్తిస్మపు తొట్టి జకరయ్య వైపు. తెల్లారితే జకరయ్య మనవడికి బాప్తిస్మం. ఎన్నో మొక్కుబళ్ళకి పుట్టిన బిడ్డ. జకరయ్య ఆ రాత్రి తలుపులేని తన వాటాలోనే ఉండిపోయాడు.

పొద్దున్నే అయ్యగారు వచ్చారు. జకరయ్య భార్య మార్తమ్మ బిడ్డనెత్తుకుని గోడ దగ్గర నిలబడింది.

"ఏమయ్యా, ఇవతలికి రా."

"తలుపు మీ తమ్ముడి వాటాకి పోయిందే."

"గోడ దూకు."

"దూకే రాత ఉంటే ఈపాటికి దూకి ఉండేవాణ్ణి."

"పోనీ, నీళ్ళు ఇటు పంపు జకరయ్యా," అన్నారు అయ్యగారు.

గిన్నెతో పంపమని అనలేదు కదా. జకరయ్య బకెట్టుతో తోడి గోడకేసి కొట్టాడు. పచ్చిగోడ, అంతే, కూలింది. అయ్యగారు బిడ్డనందుకుని తొట్టి దగ్గరికి ఉరికి, అడుగున మిగిలిన దోసెడు నీళ్ళతో బాప్తిస్మమిచ్చి, కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నారు.

"గోడ పడాలని దేవుడు ఊరికే నిర్ణయించాడు," అన్నాడు జకరయ్య.

"నువ్వు నీళ్ళు కొడతావని చూసి నిర్ణయించాడు బావా."

ఇంకేముంది, ఒకరి గోడ ఒకరికి పడదని, అయ్యగారికి అటొకటి ఇటొకటి రెండు గోడలు మొదలెట్టారు. అయ్యగారి ప్రార్థన ఎంత పొడుగో ఊరందరికీ తెలుసు. ఆమేన్ అనేసరికి రెండు గోడలూ లేచాయి. మధ్యలో తొట్టి, అయ్యగారు, చంకలో బిడ్డ.

"నా మనవడేడయ్యా?" తీతు గోడ వెనక నుంచి మార్తమ్మ గొల్లుమంది.

"ఏడవకే," అన్నాడు జకరయ్య అవతల గోడ వెనక నుంచి, గర్వంగా. "మన వంశంలో ఇక గుడి మానని క్రైస్తవుడు వీడొక్కడే."